రెండు రాత్రులు, పన్నెండు మంది

పశ్చిమ కర్నూలు మనుషులకు ఊరు దాటి బతకడం కొత్త కాదు. వానలు లేని ఏడు కౌతాళం, కోసిగి, పెద్దకడబూరు, ఆదోని పల్లెల నుంచి కుటుంబాలకు కుటుంబాలే సుగ్గికి కదులుతాయి. గుంటూరు వైపు మిరప కోతలకో, పత్తి తీతకో పోతాయి. ఆ పోయేటప్పుడు ఒక్క మనిషి ఒక్క సంచి పట్టుకుని బయల్దేరడు. తెలిసిన నాలుగిళ్ల వాళ్లు ఒకే బండి ఎక్కుతారు, ఒకే గట్టున గుడిసెలు వేసుకుంటారు, ఒకరికి జ్వరమొస్తే పక్క గుడిసె వాళ్లు గంజి కాస్తారు. శ్రావణ మాసంలో ఉరుకుంద ఈరన్న స్వామి దగ్గరికి పోయేటప్పుడూ అంతే. ఇటు మన జిల్లా నుంచి, అటు కర్ణాటక నుంచి ట్రాక్టర్లలో, బండ్లలో, కాలినడకన జనం వస్తారు. రాత్రి అక్కడే నిద్ర చేస్తారు, ఆరుబయట పొయ్యి పెట్టి నైవేద్యం వండుతారు. కూలికి పోయినా మొక్కుకు పోయినా ఇక్కడివాళ్లు గుంపుగా పోతారు. ఈ నేల మీద పుట్టి, పై చదువుకు డాలస్‌కో, డండీకో, బెర్లిన్‌కో పోయే పిల్లలు మాత్రం ఒంటరిగా పోతున్నారు.

అమెరికాలోనే 2024-25 విద్యా సంవత్సరంలో 3,63,019 మంది భారతీయ విద్యార్థులు ఉన్నారు. అంతమంది ఉన్నచోట ఒంటరితనం ఎక్కడిదని అనిపించవచ్చు. కానీ లెక్కలో కనబడే గుంపు వేరు, రాత్రి పది గంటలకు తలుపు తట్టగలిగే మనిషి వేరు. విదేశంలో మొదటి ఏడాది చదివే విద్యార్థి తప్పకుండా చేయవలసిన పనుల్లో ఒకదాని గురించి ఈ అధ్యాయంలో వాదిస్తాను. చేరిన మొదటి నెలన్నర లోపల ఒక వారాంతం, శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం మధ్యాహ్నం దాకా, రెండు రాత్రులు ఊరి బయట పదీ పన్నెండు మందితో కలిసి ఉండి రావాలి. అక్కడ దీన్ని రిట్రీట్ అంటారు, కొన్నిచోట్ల క్యాంపు అంటారు. మన ఇళ్లలో దీన్ని విహారయాత్ర కింద, అంటే మార్కులన్నీ వచ్చి ఉద్యోగం దొరికాక చేయదగిన పని కింద లెక్కవేస్తారు. ఆ లెక్క తప్పని నా గట్టి నమ్మకం.

స్నేహానికి మనసులు కలవాలంటాం. అంతకంటే ముందు గంటలు కావాలి. కాన్సస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్ అనే ఆచార్యుడు ఈ విషయాన్నే కొలిచాడు. కొత్త ఊరికి మారిన పెద్దలను, కొత్తగా చేరిన విద్యార్థులను అడిగి తెలుసుకుని 2018లో ప్రకటించాడు. ముఖపరిచయం మామూలు స్నేహంగా మారడానికి దాదాపు 50 గంటలు, నిజమైన స్నేహం కావడానికి 90 గంటలు, ఆప్తుడు అనిపించుకోవడానికి 200 గంటలకు పైగా పడుతుందని తేలింది. అందులో మనకు పనికొచ్చే ఇంకో సంగతి ఉంది. తప్పనిసరిగా పక్కపక్కన పనిచేసిన గంటలు స్నేహాన్ని పెద్దగా పెంచవు. తీరిక గంటలే పెంచుతాయి. మీ తరగతిలో ఒక కొరియా అమ్మాయితో, ఒక నైజీరియా అబ్బాయితో సెమిస్టరంతా ఒకే ల్యాబ్‌లో కూర్చున్నా, చివరి రోజున వాళ్ల ఇంట్లో ఎంతమంది ఉంటారో కూడా మీకు తెలియకపోవడానికి కారణం ఇదే. ఇప్పుడు లెక్క వేయండి. శుక్రవారం సాయంత్రం 6 నుంచి ఆదివారం మధ్యాహ్నం 2 దాకా 44 గంటలు. నిద్రకు 14 తీసేస్తే 30 గంటలు మిగులుతాయి. వారానికొక గంట టీ తాగుతూ ఆ 30 గంటలు పోగు చేయాలంటే 30 వారాలు కావాలి. ఇంగ్లండులో ఏడాది ఎం.ఎస్‌సి. చదివేవాళ్లకు తరగతులు జరిగే కాలమే అంత ఉండదు. ఆ 30 గంటలూ ప్రతి ఒక్కరితోనూ గడవవు, నిజమే. కానీ మొదటి 15 గంటలే అన్నిటికంటే కష్టమైనవి. వాటిని ఒక్క విడతలో దాటిస్తుంది ఈ వారాంతం.

పాతకాలంలో ఈ పని ఓడ చేసేది. ఇంగ్లండుకు చదువుకు పోయే విద్యార్థి వారాల తరబడి పరాయి మనుషుల మధ్య తిని, పడుకుని, డెక్ మీద తిరిగి, రేవులో దిగేసరికి ఎంతో కొంత మాట నేర్చి ఉండేవాడు. ఈరోజు ఆదోనిలో రైలెక్కినవాడు హైదరాబాదులోనో బెంగళూరులోనో విమానం పట్టుకుని రెండు రోజులు తిరక్కుండానే అమెరికాలో ముందే మాట్లాడిపెట్టుకున్న తెలుగువాళ్ల అపార్ట్‌మెంటు తలుపు తీస్తున్నాడు. సుఖమే, కాదనను. కానీ మధ్యలో పరాయివాళ్లకు అలవాటు పడే కాలం మొత్తం ఎగిరిపోయింది. దాన్ని మళ్లీ ఎక్కడో ఒకచోట కూడబెట్టుకోవాలి.

అయితే నలుగురిని ఒకచోట పడేస్తే చాలదు. 1954 వేసవిలో ముజఫర్ షెరీఫ్ అనే సామాజిక మనస్తత్వవేత్త అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో, రాబర్స్ కేవ్ పార్కులో 22 మంది పిల్లలతో ఒక శిబిరం నడిపాడు. పిల్లలను రెండు జట్లు చేసి పోటీలు పెట్టేసరికి వాళ్లు ఒకరి జెండా ఒకరు తగలబెట్టుకునేదాకా వచ్చింది. తర్వాత రెండు జట్లనూ ఒకే చోట కూర్చోబెట్టి అన్నం పెట్టారు, సినిమా చూపించారు. పగ తగ్గలేదు, తిండి విసురుకున్నారు. శిబిరానికి నీళ్లు ఆగిపోయినప్పుడు కలిసి వెతకాల్సి వచ్చింది. ఆగిన లారీని తాడు కట్టి అందరూ లాగాల్సి వచ్చింది. అప్పుడు మెత్తబడ్డారు. పెద్దలు వెనకనుంచి పిల్లలను రెచ్చగొట్టారని ఈ ప్రయోగం మీద తర్వాత గట్టి విమర్శలు వచ్చాయి, అవి న్యాయమైనవే. పగ పుట్టిన తీరు గురించి ఆ ప్రయోగం చెప్పిన మాటలను నేను అంతగా నమ్మను. కానీ కలిసి కూర్చోవడానికీ కలిసి పనిచేయడానికీ మధ్య అది చూపిన తేడా మన అనుభవానికి సరిపోతుంది. అందుకే అన్నీ అమర్చిపెట్టిన రిసార్టులో దిగి, వండినది తిని, వరుసగా ఫోటోలు దిగి వచ్చే వారాంతం కంటే, వంటగది మన చేతికి వదిలేసే యూత్ హాస్టల్ వెయ్యి రెట్లు మేలు. జర్మనీలో 1912 ప్రాంతంలో ఆల్టెనా కోటలో రిచర్డ్ షిర్‌మాన్ మొదలుపెట్టిన ఈ హాస్టళ్ల పద్ధతి ఇవాళ చాలా దేశాల్లో ఉంది. మంచాల వరుసలు, అందరికీ ఒకటే వంటగది, విద్యార్థి భరించగలిగే అద్దె.

ఆ వంటగదిలో మన ప్రాంతపు పిల్లలకు ఒక వరం ఉంది. ఉగ్గాని. పన్నెండు మందికి కిలో బొరుగులు చాలు, సంచిలో బరువే తెలియదు. ఆదివారం పొద్దున ఒకరికి ఉల్లిపాయలు, ఒకరికి పచ్చిమిరపకాయలు తరిగే పని ఇవ్వండి. ఇంకొకరికి పెద్ద గిన్నె నీళ్లు ఇచ్చి, బొరుగులు అందులో వేసి మెత్తబడగానే రెండు చేతులా పిండి తీయమనండి. ఒక్క క్షణం ఆలస్యమైతే ముద్ద అవుతాయి, తొందరపడితే పళ్ల కింద గట్టిగా తగులుతాయి. ఈ ఒక్క ఒడుపు నేర్పడానికి పట్టే పది నిమిషాల్లో ఎంత నవ్వు పుడుతుందో, ఎన్ని మాటలు దొర్లుతాయో ఏ పరిచయ కార్యక్రమంలోనూ దొర్లవు. పసుపు వేసిన తాలింపులో బొరుగులు కలిపి పుట్నాల పొడి చల్లి దించేదాకా అందరూ పొయ్యి చుట్టూనే ఉంటారు. మిర్చి బజ్జీ ఆశ మాత్రం వదులుకోండి. కాగిన నూనె పొగకు అక్కడి అలారం మోగితే అగ్నిమాపక బండి వచ్చే అవకాశం ఉంది, జుల్మానా కూడా పడవచ్చు. మరుసటి పూట వాళ్ల వంట మీరు తరగాలి. ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా ఉంటేనే అది కలిసి వండుకోవడం.

ఇరుకుగా, చలిలో, సరిగా నిద్ర లేకుండా గడిపిన రెండు రాత్రుల వల్ల మనిషి అలసిపోతాడు కదా, సోమవారం తరగతికి ఎలా పోతాడు అని అడిగేవాళ్లకు మన దేశంలోనే జరిగిన ఒక అధ్యయనం జవాబు చెబుతుంది. 2011లో అలహాబాదు మాఘమేళాకు నెల రోజుల కల్పవాసానికి వచ్చిన 416 మందిని, మేళాకు పోని 127 మందిని మనస్తత్వ శాస్త్రజ్ఞులు మేళాకు ముందు ఒకసారి, అయిపోయాక ఒకసారి పలకరించారు. గంగ ఒడ్డున చలిలో గుడారాలు, రాత్రీ పగలూ మైకుల మోత, జనం తొక్కిడి, పారిశుధ్యం అంతంతమాత్రం. అయినా వెళ్లివచ్చినవాళ్లే తమ ఆరోగ్యం, మనస్సు మెరుగ్గా ఉన్నాయని చెప్పారు. అది భక్తి మహిమ, దాన్ని విద్యార్థుల పిక్నిక్కుతో పోల్చకూడదని ఎవరైనా అనవచ్చు. భక్తి పాత్రను నేను తక్కువ చేయను. కానీ ఈ పరిశోధకులు ముఖ్యంగా ఎత్తిచూపినది యాత్రికుల మధ్య పుట్టే బంధాన్ని. పక్క గుడారం వాళ్లు నావాళ్లే, అవసరమైతే ఆదుకుంటారు అన్న ధీమాను. ఉరుకుందలో శ్రావణ సోమవారం రాత్రి ఆరుబయట చాప పరుచుకున్న కుటుంబం, పక్కన పడుకున్నది ఎవరో తెలియకుండానే వాళ్లకు సామాను అప్పజెప్పి స్నానానికి పోతుంది. ఆ ధీమా పరాయి దేశంలో ఒక విద్యార్థికి దొరికితే ఒక రాత్రి నిద్ర చెడడం పెద్ద నష్టం కాదు.

ఇక ఎవరితో పోవాలి? నలుగురు తెలుగు రూమ్మేట్లు కారు అద్దెకు తీసుకుని జలపాతం చూసి వస్తే సరిపోదా? అది మంచిదే, కానీ అది వేరే పని. స్టీఫెన్ బాక్నర్, ఆయన తోటివారు 1977లో విదేశీ విద్యార్థుల స్నేహాలను పరిశీలించి మూడు రకాల వలయాలను గుర్తించారు. సొంత దేశం వాళ్లతో ఉండే స్నేహం మన భాషను, మన అలవాట్లను, మన ధైర్యాన్ని నిలబెడుతుంది. ఆ దేశం వాళ్లతో ఉండే స్నేహం చదువులో, కార్యాలయాల్లో పని జరిగే తీరు నేర్పుతుంది. ఇతర దేశాల విద్యార్థులతో ఉండేది సరదాకు, తీరికకు. మొదటిది లేకపోతే మనిషి కూలబడతాడు. అందుకే తెలుగువాళ్లతో తిరగొద్దని చెప్పే సలహాలను నేను ఒప్పుకోను. కానీ మొదటిది ఎలాగూ దొరుకుతుంది, వెతక్కుండానే దొరుకుతుంది. రెండోదీ మూడోదీ ప్రయత్నం చేస్తే తప్ప రావు. పన్నెండు మందిలో మన భాష వాళ్లు ముగ్గురు నలుగురికి మించకుండా చూసుకోవడం మంచిది. మించితే గుంపు రెండుగా చీలుతుంది, రాత్రి కబుర్లు తెలుగులోకి జారుతాయి, మిగతావాళ్లు మర్యాదగా ఫోన్లు చూసుకుంటారు.

తిండి గురించిన బెరుకు ఇక్కడే అడ్డం వస్తుంది. శాకాహారులు, శ్రావణమో శనివారమో పట్టేవాళ్లు ఇలాంటి చోట్లకు రావడానికే జంకుతారు. 1888లో లండనుకు ఓడెక్కిన మోహన్‌దాస్ గాంధీ ఇంగ్లీషు మాట్లాడే బెరుకుతో, ఏ వంటకంలో మాంసం ఉందో అడగలేక, ఇంటినుంచి తెచ్చుకున్న మిఠాయిలు, పళ్లు గదిలోనే తింటూ ప్రయాణం గడిపాడని ఆయన ఆత్మకథే చెబుతుంది. అదే మనిషి లండనులో శాకాహార సంఘంలో చేరి కార్యవర్గ సభ్యుడయ్యాడు. తానున్న బేస్‌వాటర్‌లో ఒక శాకాహార క్లబ్బు పెట్టి, డాక్టర్ జోసయా ఓల్డ్‌ఫీల్డును అధ్యక్షుడిగా, ఎడ్విన్ ఆర్నాల్డును ఉపాధ్యక్షుడిగా ఒప్పించాడు. ఓడలో గదిలోకి తోసిన నియమమే ఊళ్లో జనం మధ్యకు తెచ్చింది. మధ్యలో మారిందల్లా, తన నియమాన్ని దాచుకోవడం మాని చెప్పుకోవడం మొదలుపెట్టాడు. పేరు నమోదు చేసుకునేటప్పుడే మీరు తిననివి స్పష్టంగా రాయండి. ఈ రోజుల్లో పశ్చిమ దేశాల విద్యార్థుల్లోనే శాకాహారులు, పాలు కూడా ముట్టనివాళ్లు ఎందరో ఉన్నారు. మీ మాట ఎవరికీ వింతగా ఉండదు.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం డబ్బు. అది పైపై మాట కాదు. పొలం కాగితాలో ఇల్లో తాకట్టు పెట్టి తెచ్చిన బ్యాంకు అప్పు మీద చదివే బిడ్డకు ప్రతి వారాంతమూ పార్ట్‌టైం షిఫ్టుల లెక్కలోనే కనబడుతుంది. వారాంతం పోతే కూలి పోయినట్టే. అందుకే నేను నెలనెలా పొమ్మని అనడం లేదు. సెమిస్టరుకు ఒక్కటి చాలు, మొదటిది మాత్రం మానకూడదు. మరి ఆ ఒక్క వారాంతపు కూలికి బదులు ఏం దొరుకుతుంది? మార్క్ గ్రానొవెటర్ 1973లో ప్రకటించిన పరిశోధన చూడండి. తెలిసినవాళ్ల ద్వారా కొత్త ఉద్యోగం దొరికినవాళ్లను, ఆ తెలిసిన మనిషిని మీరు ఎంత తరచుగా కలిసేవారని అడిగాడు. తరచుగా కలిసేవాళ్లమని చెప్పినవాళ్లు 16.7 శాతమే. అప్పుడప్పుడు అన్నవాళ్లు 55.6 శాతం, అరుదుగా అన్నవాళ్లు 27.8 శాతం. కారణం తేలికగానే అర్థమవుతుంది. ఒకే గదిలో ఉండే నలుగురికి తెలిసిన ఖాళీలు ఒకటే. కాస్త దూరపు పరిచయస్తుడే మనకు తెలియని సంస్థ పేరు చెబుతాడు. 2022లో లింక్డిన్‌లో రెండు కోట్ల మంది సమాచారం మీద జరిగిన పరిశోధన కూడా ఉద్యోగం మారడంలో ఈ నడిమి రకం పరిచయాలే ఎక్కువ పనికొస్తున్నాయని చూపింది. అప్పు తీరాలంటే ఉద్యోగం కావాలి, ఉద్యోగానికి ఇలాంటి పరిచయాలు కావాలి. అయితే లాభం కోసమే మనుషులను కూడగట్టే చూపుతో పోతే ఎదుటివాళ్లు ఇట్టే పసిగడతారు. లాభం వెనకాల దానంతటదే వస్తుంది. ఖర్చు సంగతి ముందే తేల్చుకోండి. గది అద్దె, ప్రయాణం, సరుకులు, ఈ మూడూ కలిపి తలా ఎంతో బయల్దేరక ముందే అందరికీ తెలియాలి. మొహమాటంతో తర్వాత చూద్దాం అనుకుంటే ఆ లెక్క దగ్గరే కొత్త స్నేహం చెడుతుంది. విశ్వవిద్యాలయమే నడిపేవాటిలో విద్యార్థులకు రాయితీ ఉంటుందేమో అడగండి. అడగడంలో చిన్నతనం లేదు.

చదువు దెబ్బతింటుందన్న భయానికి 1990లో వెలువడిన వెస్ట్‌వుడ్, బార్కర్‌ల అధ్యయనం కొంత జవాబు. కెనడా, ఆస్ట్రేలియాలలో విదేశీ విద్యార్థులను స్థానిక విద్యార్థులతో జతకట్టి చూస్తే, జత ఉన్నవాళ్ల మార్కులు మెరుగ్గా ఉన్నాయి, చదువు మధ్యలో మానినవాళ్లు తక్కువ. జతకు ఒప్పుకున్నవాళ్లు అసలే చురుకైనవాళ్లు అయి ఉండవచ్చు కదా అన్న సందేహం సరైనదే. ఆ ఒక్క అధ్యయనం మీదే వాదం నిలబెట్టను. కానీ ఒక ఆచార్యుడు రాసిన వ్యాఖ్యలో మందలింపు ఎంత, మెచ్చుకోలు ఎంత అని విడదీసి చెప్పగల స్థానిక మిత్రుడు ఒక్కడున్నా చదువుకు ఎంత మేలో ఊహించడానికి లెక్కలు అక్కరలేదు.

మొదటి నెలన్నరలోనే అని ఎందుకు పట్టుబడుతున్నానంటే, దానికీ ఆధారం ఉంది. 1955లో లిస్‌గార్డ్ అనే నార్వే పరిశోధకుడు అమెరికాలో చదివివచ్చిన తన దేశస్థులను పరిశీలించి, ఆరు నుంచి పద్దెనిమిది నెలలు ఉన్నవాళ్లే అందరికంటే ఎక్కువ ఇబ్బంది పడ్డారన్నాడు. ముందు మురిపెం, తర్వాత కుంగుబాటు, ఆ తర్వాత తేరుకోవడం అన్న బొమ్మ అప్పటినుంచి పాఠ్యపుస్తకాల్లో నిలిచిపోయింది. 1998లో కొలీన్ వార్డ్ బృందం న్యూజిలాండ్‌కు వచ్చిన జపాన్ విద్యార్థులను మొదటి రోజు నుంచీ వెంబడించి చూస్తే మురిపెం జాడే లేదు. దిగిన తొలి రోజులే అన్నిటికంటే కష్టంగా గడిచాయి. రెండిట్లో ఏది నిజమైనా తేలేది ఒకటే, ఆసరా ముందుగా కావాలి. పైగా మొదటి వారాల్లో అందరూ కొత్తవాళ్లే, అందరూ ఎవరో ఒకరి కోసం చూస్తుంటారు. మూడో నెలకు గుంపులు గట్టిపడిపోతాయి. అప్పుడు బయటినుంచి లోపలికి రావడం ఎవరికైనా కష్టమే.

మాటకారులకు సరే, సిగ్గరుల సంగతేమిటి? ఇంగ్లీషు గడగడా రానివాళ్ల మాటేమిటి? తెలుగు మీడియంలో చదివి, ఎమ్మిగనూరులోనో ఆదోనిలోనో డిగ్రీ చేసి పోయిన పిల్లలకు ఈ బెదురు ఎక్కువ. నా ఉద్దేశంలో ఈ వారాంతం వాళ్లకే ఎక్కువ మేలు చేస్తుంది. పార్టీలో మూడు నిమిషాల్లో మాట కలపలేకపోతే అవకాశం జారిపోతుంది. రెండు రోజుల బసలో తొందర లేదు, చేతిలో పని ఉంటుంది, మాట్లాడకపోయినా పక్కన ఉండవచ్చు. ఆర్థర్ అరన్ బృందం 1997లో ముఖపరిచయం లేని ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, తేలిక ప్రశ్నలతో మొదలై లోతుకు పోయే 36 ప్రశ్నలు ఒకరినొకరు అడగమంది. ముప్పావు గంటలో వాళ్ల మధ్య పుట్టిన సాన్నిహిత్యం, ఊసుపోక కబుర్లు చెప్పుకున్న జంటల కంటే స్పష్టంగా ఎక్కువ. కాబట్టి గుంపులో గొంతు విప్పలేనివాళ్లు నడకకు వెళ్లేటప్పుడు ఒక్క మనిషిని ఎంచుకుని పక్కన నడవండి. మీ ఊరు ఎలాంటిది అని అడగండి. వాళ్లు తిరిగి అడిగినప్పుడు ఇండియా అని ఊరుకోకుండా తుంగభద్ర గురించి, ఆదోని పత్తి మార్కెట్టు గురించి, మగ్గం చప్పుళ్ల ఎమ్మిగనూరు గురించి చెప్పండి. ఎక్కడివాళ్లకైనా ఆసక్తి పుట్టించేవి అలాంటి సంగతులే.

ఇలాంటివి ఎవరు నడుపుతారో తెలుసుకోవడం కష్టం కాదు. జర్మనీలో చాలా శాఖల విద్యార్థి సంఘాలు మొదటి సెమిస్టర్ వాళ్లను ఒక వారాంతం బయటికి తీసుకుపోతాయి. బ్రిటన్‌లో విద్యార్థి యూనియన్లు, అమెరికాలో విశ్వవిద్యాలయాల అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాలు, ఆరుబయలు క్రీడల విభాగాలు ఏర్పాటు చేస్తాయి. లండను దగ్గర విండ్సర్ గ్రేట్ పార్కులోని కంబర్లాండ్ లాడ్జి 1947 నుంచి ఈ పనికే ఉంది. 1930ల జర్మనీలో విద్యార్థులు నాజీల వెంట పడటం కళ్లారా చూసిన ఏమీ బుల్లర్, తమ సబ్జెక్టు తప్ప జీవితంలోని పెద్ద ప్రశ్నలు నలుగురితో కూర్చుని మాట్లాడుకునే చోటు విద్యార్థులకు ఉండాలని పట్టుబట్టింది. రాజకుటుంబం ఆ భవనాన్ని ఇచ్చింది. ఇవి కాక మత సంస్థలు నడిపేవి చాలా ఉంటాయి. చర్చిలవి, హిందూ సంస్థలవి, ధ్యాన కేంద్రాలవి. వాటిలో ఆదరణ నిజంగా ఉంటుంది, అనుమానంతో దూరం పెట్టమని చెప్పను. కానీ ఎవరు నడుపుతున్నారు, ఖర్చు ఎవరు పెడుతున్నారు, ప్రార్థనలో పాల్గొనడం తప్పనిసరా, మధ్యలో వచ్చేయాలంటే బస్సు దొరుకుతుందా అని ముందే అడగండి. సూటిగా జవాబు చెప్పనివాళ్ల దగ్గరికి పోకండి. ఫోన్లు, పాస్‌పోర్టులు తీసి పెట్టుకుంటామనేవాళ్ల దగ్గరికి అసలే పోకండి.

భద్రత గురించి మాత్రం నేను ఎంత చెప్పినా తక్కువే. 2024 ఏప్రిల్‌లో స్కాట్లండులోని లిన్ ఆఫ్ టమ్మెల్ దగ్గర విహారానికి వెళ్లిన ఇద్దరు తెలుగు విద్యార్థులు నీళ్లలో చనిపోయారు. తర్వాతి నెలలోనే అమెరికాలోని ఆరిజోనాలో, ఫాసిల్ క్రీక్ జలపాతం దగ్గర మరో ఇద్దరు తెలుగు విద్యార్థులు మునిగిపోయారు. చదువు కోసం పంపిన ఇళ్లకు శవపేటికలు వచ్చాయి. మనవాళ్లలో చాలామందికి ఈత రాదు. ఎల్లెల్సీ కాలువలోనో తుంగభద్రలోనో నేర్చినవాళ్లకు ఈత వచ్చు కానీ చన్నీళ్లు తెలియవు. నీటి వేడి 15 డిగ్రీల లోపు ఉంటే దిగిన క్షణంలోనే గుండె అదురుతుంది, ఊపిరి మన అదుపులో ఉండదు, ఎగశ్వాసలో నీళ్లు మింగుతాం. ఎంత గజ ఈతగాడైనా మొదటి నిమిషంలో ఇదే జరుగుతుంది. పొరపాటున పడితే ఈదబోకుండా తల వెనక్కి వాల్చి, చెవులు నీళ్లలో మునిగేలా వెల్లకిలా తేలుతూ ఊపిరి కుదుటపడేదాకా ఆగమని బ్రిటన్ లైఫ్‌బోట్ సంస్థ నేర్పుతుంది. జలపాతం కింద గుండం పైకి నిశ్చలంగా కనబడినా లోపల సుడి ఉంటుంది. నాచు పట్టిన బండ మీద ఫోటో కోసం నిలబడకండి. ఒకరు పడితే వెంటనే ఇంకొకరు దూకకండి. తాడో కర్రో ఖాళీ డబ్బానో అందించి, బ్రిటన్‌లో 999కి, ఐరోపాలో 112కి, అమెరికాలో 911కి, ఆస్ట్రేలియాలో 000కి ఫోన్ చేయండి. ఇంకొక మాట, చలి కాచుకోవడానికి బొగ్గుల కుంపటిని గుడారంలోకో గదిలోకో తేకండి. వాసన లేని ఆ విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది. తాగినవాడి బండి ఎక్కకండి. వెనక్కి తెచ్చే మనిషి శుక్రవారం నుంచే తాగకుండా ఉంటాడో లేదో కనుక్కుని మరీ బయల్దేరండి.

ఇది చదివే తల్లిదండ్రులకు, ముఖ్యంగా ఆడపిల్లల తల్లిదండ్రులకు, రెండు మాటలు. ముక్కూ మొహం తెలియనివాళ్లతో రెండు రాత్రులా అని మీ గుండె ఝల్లుమనడం సహజం. కానీ వద్దంటే పిల్లలు ఎప్పటికీ పోకుండా ఉంటారనుకోవడం కంటే చెప్పకుండా పోతారనుకోవడం నిజానికి దగ్గర. చెప్పకుండా పోయిన బిడ్డ ఆపద వస్తే మొదట మీకు ఫోన్ చేయడానికి జంకుతుంది. ప్రమాదమంతా అక్కడే ఉంది. విశ్వవిద్యాలయం పేరు మీద నడిచేది అడగండి. ఆడపిల్లలకు వేరే గది ఉందో లేదో అడగండి. బస చేసే చోటి చిరునామా, నిర్వాహకుల ఫోన్ నంబరు తీసుకుని పెట్టుకోండి. శనివారం రాత్రి ఒక్కసారి మాట్లాడమని చెప్పండి, గంటకొకసారి వీడియో కాల్ అడగకండి. పండగకు ఉరుకుందకు తోడిచ్చి పంపినప్పుడు ఎంత నమ్మారో అంత నమ్మండి.

ఈ వారాంతం చేయలేని పని కూడా ఉంది. వారాల తరబడి నిద్ర పట్టనివారికి, తిండి సహించనివారికి, బతుకు మీదే విరక్తి కలిగినవారికి ఇది మందు కాదు. పదిమంది నవ్వుల మధ్య వాళ్ల బాధ ఇంకా పెరగవచ్చు. వాళ్లు పోవలసింది విశ్వవిద్యాలయంలోని కౌన్సెలర్ దగ్గరికి. అమెరికాలో 988, బ్రిటన్‌లో 116 123 నంబర్లు రాత్రీ పగలూ పలుకుతాయి. మన దేశంలో టెలీ మానస్ 14416 తెలుగులోనే మాట్లాడుతుంది, కొడుకు గొంతులో తేడా వినబడిన తల్లి కూడా దానికి ఫోన్ చేసి ఏం చేయాలో అడగవచ్చు. బసలో మీ పక్క మంచం మీది మనిషి అలా కనబడితే నాలుగు మంచి మాటలు చెప్పి వదిలేయకండి, సోమవారం కౌన్సెలర్ తలుపు దాకా తోడు వెళ్లండి.

వెళ్లివచ్చినవాళ్లలో ఎక్కువమంది నష్టపోయేది తిరిగొచ్చిన తర్వాతే. వాట్సాప్ గుంపు ఒకటి పుడుతుంది, ఫోటోలు పడతాయి, పది రోజులకు చల్లారిపోతుంది. హాల్ లెక్క ప్రకారం మీ చేతిలో ఉన్నవి మహా అయితే ముప్పై గంటలు, యాభైకి ఇంకా కనీసం ఇరవై కావాలి. ఆ ఇరవై ఎక్కడినుంచి వస్తాయో ఆదివారం గది ఖాళీ చేసేటప్పుడే తేల్చుకోవాలి. రెండు వారాల లోపల ఒక తేదీ, ఒకరి ఇల్లు, ఎవరు ఏం వండాలన్నది బస్సు ఎక్కక ముందే రాసుకోండి. మొదటి విడతకు మీ ఇంటికే రమ్మనండి. మిగిలిన బొరుగులు ఎలాగూ మీ సంచిలోనే ఉంటాయి.